పిడుగు వోల్టేజిని అంకెలలో పట్టుట ఎట్లు?

గుంటూరు మిర్చి యార్డుకు ఉదయము పూట వెళ్ళినవారికి ఒక దృశ్యము పరిచితమే. వందలకొలది టిక్కీలు వరుసలుగా పేర్చియుండును. కొనువాడు ప్రతి కాయను చూడడు. టిక్కీలోనుండి గుప్పెడు కాయలు తీసి రంగు, తేమ, తాలు చూచి ధర చెప్పును. ఆ గుప్పెడే మచ్చు. మచ్చు నిజమైనచో ధరయు నిజము. పైన ఎర్రని కాయలు, అడుగున తాలు ఉన్నచో, లెక్క వేయువాడు ఎంత నిపుణుడైనను ధర తప్పక తప్పును.

విద్యుత్ వోల్టేజిని అంకెలుగా మార్చు సాధనముల సంగతియు ఇట్టిదే. వీనిని అనలాగ్-డిజిటల్ కన్వర్టరులు అందురు. మనము కన్వర్టరు అని పిలుచుకొందము. ఇది ఎడతెగక మారుచుండు వోల్టేజినుండి క్రమము తప్పక మచ్చులు తీసి, ఒక్కొక్క మచ్చును ఒక అంకెగా వ్రాయును. నేటి కన్వర్టరులు సెకండునకు కోటి మచ్చులు సునాయాసముగ తీయగలవు. కాని అవి ఒకటి రెండు వోల్టులకు మించి భరింపలేవు. తీగెమీద వచ్చునది వేల వోల్టులు. ఆ వేలను వోల్టునకు దించి, రూపము చెడకుండ కన్వర్టరు ముందుంచుట ఎట్లన్నదే ఈ వ్యాసమునందలి విషయము.

మీటరుకు కనబడని వోల్టేజి

పల్నాటి నుండి వచ్చు నా విద్యార్థి ఒకడు ఒకనాడు తరగతిలో ఇట్లు అడిగెను: "ఉరుములు పడిన రాత్రి మా బోరు మోటారు కాలిపోయినదండీ. సబ్‌స్టేషనులో వోల్టేజి సరిగానే ఉన్నదని పుస్తకములో వ్రాసియున్నదట. వోల్టేజి సరిగా ఉన్నచో మోటారు ఎట్లు కాలినది?"

ప్రశ్న చాల మంచిది. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదలిన తరువాత కూడ, కాలువ ఎక్కని మెరక భూములు బోరు మోటారులమీదనే ఆధారపడినవి. నల్లరేగడి చేలమీదుగా మైళ్ళకొలది సాగిన 11 కిలోవోల్టుల తీగెలే వానికి ప్రాణము. ఆ తీగెమీదనో, దాని దాపుననో పిడుగు పడినచో ఒక వోల్టేజి కెరటము పుట్టి తీగె వెంట పరుగెత్తును. ట్రాన్స్‌ఫార్మరు గుండా అందులో కొంత భాగము మోటారును చేరును.

ఈ కెరటము ఎంత సేపుండును? ప్రయోగశాలలలో పిడుగును అనుకరించుటకు వాడు ప్రామాణిక తరంగము 1.2 మైక్రోసెకండులలో శిఖరమునకు లేచి, 50 మైక్రోసెకండులలో సగమునకు దిగును. మైక్రోసెకండు అనగా సెకండులో పదిలక్షవ వంతు. 1960లో బెంగుళూరున స్థాపితమైన కేంద్ర విద్యుత్ పరిశోధన సంస్థకు హైదరాబాదు ఉప్పల్‌లో అత్యధిక వోల్టేజి పరిశోధనశాల ఉన్నది. ఇట్టి శాలలలో ఇటువంటి కృత్రిమ పిడుగులతోనే పరికరములను పరీక్షింతురు. 11 కిలోవోల్టుల లైనులకు వాడు పరికరము సాధారణముగ 75 కిలోవోల్టుల శిఖరమును తట్టుకొనవలెను.

ఇంటి కరెంటు ఒక ఆవర్తనమునకు 20 మిల్లీసెకండులు తీసికొనును. పిడుగు కెరటము సగమునకు దిగు కాలము అందులో నాలుగువందలవ వంతు. సబ్‌స్టేషనులోని సాధారణ మీటరు అనేక ఆవర్తనముల సగటును చూపును. కనుక ఆ కెరటము దానికి కనబడదు. మీటరు అబద్ధము చెప్పలేదు. తాను చూడగలిగినదే చెప్పినది. నా విద్యార్థికి జవాబు దొరకవలెనన్న వేగముగ మచ్చులు తీయు కన్వర్టరు కావలెను. సెకండునకు కోటి మచ్చులనగా మైక్రోసెకండునకు 10. అప్పుడు కెరటము లేచు 1.2 మైక్రోసెకండులలో సుమారు 12 మచ్చులు దొరకును. ఆ పండ్రెండు చుక్కలను కలిపిన కెరటపు ముఖము కనబడును.

వోల్టేజిని దించుట

11 కిలోవోల్టులనునది రెండు ఫేజుల మధ్య వోల్టేజి. ఒక ఫేజునకు, భూమికి మధ్య 6.35 కిలోవోల్టులుండును, దాని శిఖరము సుమారు 9 కిలోవోల్టులు. దీనిని పదివేల వంతు చేసిన 0.9 వోల్టగును. కన్వర్టరు ధన, ఋణ దిశలలో 1 వోల్టు వరకు భరించినచో, ఇది సరిపోవును.

దించుటకు సులభమైన ఉపాయము వోల్టేజి విభాజకము. 100 మెగాఓముల పెద్ద నిరోధకమును, దాని క్రింద 10 కిలోఓముల చిన్న నిరోధకమును వరుసగా కలిపి, చిన్నదాని కొసలమధ్య వోల్టేజిని గ్రహింతుము. నిష్పత్తి రమారమి పదివేలు. పెద్ద నిరోధకము ఇంత పెద్దదిగా ఉండుటకు కారణము వేడి. 100 మెగాఓములలో ఖర్చగు శక్తి 0.4 వాటు మాత్రమే. దానిని 1 మెగాఓము చేసినచో 40 వాటులై నిరోధకము కాగిపోవును, విలువ మారును, నిష్పత్తి చెడును.

100 మెగాఓములు ఒకే ముక్కగా ఉండరాదు. 5 మెగాఓముల ముక్కలు ఇరువదిని వరుసగా ఒక స్తంభమువలె పేర్చవలెను. సాధారణ సమయములో ఒక్కొక్క ముక్కమీద పడు శిఖర వోల్టేజి 450 వోల్టులు. 75 కిలోవోల్టుల పిడుగు వచ్చినప్పుడు 3750 వోల్టులు. ఆ ముక్క ఈ రెండవ అంకెకు తగినదై ఉండవలెను.

వేగమైనదానికి న్యాయము

ఇంతటితో పని పూర్తియైనదని తోచును. నిలకడగా ఉండు వోల్టేజికి నిజముగనే పూర్తియైనది. వేగముగ మారు వోల్టేజి విషయములో మాత్రము ఈ స్తంభము ఘోరముగ మోసము చేయును.

కారణమిది. రెండు లోహ భాగములు ఎదురెదురుగా ఉన్నచోట మనము కోరినను కోరకున్నను కొంత కెపాసిటెన్సు ఉండును. మీటరు ఎత్తు స్తంభమునకు, భూమికి మధ్య ఇది 10 నుండి 20 పికోఫారడ్ల వరకు ఉండును. పికోఫారడ్ అనగా ఫారడులో లక్షకోటవ వంతు, అత్యల్పము. కాని 100 మెగాఓముల గుండా దానిని నింపవలెనన్న చాల సేపు పట్టును. పెద్ద కుండను సన్నని గొట్టముతో నింపుటవంటిదే ఇది. ఇక్కడ కుండ చిన్నదైనను గొట్టము మరీ సన్నము. స్తంభము పొడుగున పరచుకొనిన కెపాసిటెన్సుకు ఈ ఆలస్యము నిరోధము, కెపాసిటెన్సుల లబ్ధములో ఆరవ వంతు. 12 పికోఫారడ్లు తీసికొన్నచో 200 మైక్రోసెకండులు వచ్చును. పిడుగు కెరటము 50 మైక్రోసెకండులకే సగమై పోవుచున్నది. స్తంభము మేలుకొనునప్పటికి అతిథి వెళ్ళిపోవును. కన్వర్టరు కోటి మచ్చులు తీసినను అన్నింటిలోను కనబడునది చిన్న గుట్ట మాత్రమే. "పిడుగు రాలేదు" అని అది సాక్ష్యమిచ్చును. ఇటువంటి సాక్ష్యము అసలు సాక్ష్యము లేకపోవుటకంటె చెడ్డది.

దీనికి విరుగుడు చిరకాలముగ తెలిసినదే. ప్రతి నిరోధకపు ముక్కకు ప్రక్కగా ఒక కెపాసిటరును కట్టవలెను. మెల్లగా మారు వోల్టేజిని నిరోధకములు పంచును. వేగముగ మారుదానిని కెపాసిటరులు పంచును. రెండు పంపకములు ఒకే నిష్పత్తిలో ఉండవలెను. దానికి సూత్రము ఒక్కటే: పై భాగపు నిరోధమును దాని కెపాసిటెన్సుతో గుణించిన వచ్చునది, క్రింది భాగపు నిరోధమును దాని కెపాసిటెన్సుతో గుణించిన వచ్చుదానికి సమానము కావలెను.

ఆ కెపాసిటరు ఎంత ఉండవలెను? దారి తప్పిన 12 పికోఫారడ్లు దాని ముందు లెక్కకు రానంత పెద్దదిగా ఉండవలెను. పై భాగమునకు మొత్తము 10 పికోఫారడ్లే పెట్టినచో నిష్పత్తిలో నూటికి 20 పాళ్ళ దోషము మిగులును. 100 పికోఫారడ్లు పెట్టినచో 2 పాళ్ళకు దిగును. ఆ రెండింటిని స్తంభమును నిలిపినచోటనే సరిచేసికొనవచ్చును. అనగా ఇరువది ముక్కలలో ఒక్కొక్కదాని ప్రక్కన 2000 పికోఫారడ్లు. 100 మెగాఓములు, 100 పికోఫారడ్ల లబ్ధము 10 మిల్లీసెకండులు. క్రింది 10 కిలోఓముల ప్రక్కన 1 మైక్రోఫారడ్ పెట్టిన అక్కడను 10 మిల్లీసెకండులే. సూత్రము కుదిరినది.

దీనికి మూల్యము లేకపోలేదు. 75 కిలోవోల్టుల కెరటము 1.2 మైక్రోసెకండులలో లేచునప్పుడు ఆ 100 పికోఫారడ్ల గుండా 6 ఆంపియర్లకు పైగా విద్యుత్తు దూకును. సాధారణ సమయములో నిరోధకముల గుండా పోవునది 0.064 మిల్లీఆంపియరు మాత్రమే. ఆ క్షణిక ప్రవాహము పోవు తీగెలు పొట్టిగా ఉండవలెను. సెంటీమీటరు తీగెకు సుమారు 10 నానోహెన్రీల ప్రేరకత్వముండును. అది 1 మైక్రోఫారడ్‌తో కలిసి సెకండునకు 16 లక్షల సార్లు ఊగును. పిడుగు రూపముమీద లేని వంకరలు గీయును. కనుక ఒక పెద్ద కెపాసిటరునకు బదులు 0.1 మైక్రోఫారడ్ల చిన్నవానిని పదింటిని వలయముగా అమర్తురు. అప్పుడు ప్రేరకత్వము పదవ వంతగును. ఆ ఊగుట 50 లక్షలకు, మనకు పనిలేని ఎత్తునకు పోవును.

సరిగా కుదిరినదో లేదో పరీక్షించుట సులభము. చతురస్ర తరంగమును స్తంభము పైన ఇచ్చి క్రింద చూడవలెను. మూలలు గుండ్రముగా వచ్చిన కెపాసిటెన్సు పంపకము తక్కువ; మూలలు కొమ్ములవలె పైకి పొడుచుకొనివచ్చిన ఎక్కువ. చతురస్రము చతురస్రముగనే వచ్చినచో వేగమునకు, నిదానమునకు సమముగ న్యాయము జరిగినది. కళాశాల ప్రయోగశాలలో ఆసిలోస్కోపు ప్రోబు మీది చిన్న మరను త్రిప్పి విద్యార్థులు చేయునది ఈ పనియే. అక్కడ 9 మెగాఓములు, 1 మెగాఓము. ఇక్కడ 100 మెగాఓములు, 10 కిలోఓములు. ధర్మము ఒక్కటే. అయితే ప్రయోగశాలలో నేర్చినవారు లైను తీగె దగ్గర దానిని ప్రయత్నింపరాదు. 11 కిలోవోల్టులు తాకకుండగనే ప్రాణము తీయగలవు.

మచ్చు తీయువాడు తినునది

క్రింది 10 కిలోఓములనుండి నేరుగా కన్వర్టరునకు తీగె కలుపవచ్చునా? కలుపరాదు. కన్వర్టరు లోపల ఒక చిన్న కెపాసిటరు, ఒక స్విచ్చి ఉండును. మచ్చు తీయునపుడు స్విచ్చి మూసికొని ఆ కెపాసిటరు నిండును. అది 5 పికోఫారడ్లదై, ప్రతిసారియు ఖాళీయై మరల నిండునట్టిదైనచో, సెకండునకు కోటి సార్లు అది కొంత ఆవేశమును త్రాగును. లెక్క వేసిన ఇది 20 కిలోఓముల నిరోధకముతో సమానము. మన 10 కిలోఓముల ప్రక్కన ఈ కనబడని 20 కిలోఓములు వచ్చి చేరినచో, నిలకడ వోల్టేజి మూడవ వంతు తగ్గి కనబడును. 50 సైకిళ్ళ వోల్టేజి నూటికి 5 పాళ్ళు తగ్గును. మచ్చు తీసినవాడే సరుకు తిన్నట్లాయెను.

అందుచేత రెండింటి మధ్య ఒక ఆంప్లిఫయరును నిలుపుదురు. దీనికి బఫరు అని పేరు. ఇది వోల్టేజిని పెంచదు. విభాజకమునుండి దాదాపు ఏమియు తీసికొనక, కన్వర్టరునకు కావలసినంత ఇచ్చును. ప్రతి మచ్చునకు అది 0.1 మైక్రోసెకండు లోపల స్థిరపడవలెను. దాని స్థానము స్తంభపు పాదముననే. దూరముగ పెట్టి పొడవైన కేబుల్ లాగినచో కేబుల్ కెపాసిటెన్సు విభాజకములో చేరి మన సూత్రమును చెరచును.

దొంగ తరంగము

సినిమాలో ముందుకు పోవు బండి చక్రము ఒక్కొక్కప్పుడు వెనుకకు తిరుగుచున్నట్లు కనబడుట పాఠకులు చూచియుందురు. కెమెరా సెకండునకు కొన్ని బొమ్మలే తీయును. మధ్య జరిగినది దానికి తెలియదు. కన్వర్టరునకును ఇదే భ్రమ కలుగును. 1928లో నైక్విస్టు, 1949లో షానన్ ప్రచురించిన పరిశోధనలనుండి తేలిన నియమమిది: ఒక తరంగమును తప్పులేక పట్టవలెనన్న దాని పౌనఃపున్యమునకు రెండింతలకు మించి మచ్చులు తీయవలెను.

సెకండునకు కోటి మచ్చులు తీయునపుడు 50 లక్షల సైకిళ్ళకు పైబడినది ఏదియు లోనికి రాకూడదు. చేలమీద సాగిన లైను స్వయముగ గొప్ప ఏరియల్. 31 మీటర్ల హ్రస్వతరంగ రేడియో దానిమీద పడునని అనుకొందము. దాని పౌనఃపున్యము 95 లక్షల సైకిళ్ళు. కోటినుండి 95 లక్షలు తీసివేసిన 5 లక్షలు. కన్వర్టరు అంకెలలో 5 లక్షల సైకిళ్ళ దొంగ తరంగము కనబడును. అంకెలు వ్రాయబడిన తరువాత దానిని అసలు తరంగమునుండి వేరుచేయుట అసాధ్యము. తాలు కాయలు కారములో కలిసిన తరువాత ఏరుట ఎట్లు?

కనుక కన్వర్టరునకు ముందే ఒక వడపోత ఉండవలెను. అది మరీ బిగువైనచో పిడుగు ముఖమునే మొద్దుచేయును. కెరటము లేచుటకు 1 మైక్రోసెకండు, వడపోత స్వయముగ లేచుటకు 0.2 మైక్రోసెకండు అయినచో, రెండింటి వర్గముల మొత్తమునకు వర్గమూలము 1.02. దోషము నూటికి 2 పాళ్ళే. ఇది సహింపదగినది.

రెండు దారులు, ఒక కావలి

ఇప్పుడొక చిక్కు. సాధారణ శిఖరము 9 కిలోవోల్టులు. పిడుగు 75 కిలోవోల్టులు. కన్వర్టరు 14 బిట్లదైన 16,384 మెట్లుండును. మొత్తము మెట్లను 75 కిలోవోల్టులకు పరచినచో ఒక్కొక్క మెట్టు 9 వోల్టులకు పైగా ఉండును. దినదినము జరుగు చిన్న మార్పులు మెట్ల సందున పడిపోవును. 10 కిలోవోల్టులకే పరచినచో మెట్టు 1.2 వోల్టులు, చూపు సన్నము. కాని పిడుగు వచ్చినప్పుడు కన్వర్టరు పైకప్పునకు తగిలి ఏమియు చెప్పలేదు.

దీనికి రెండు దారులు వేయుట మేలు. బఫరు తరువాత ఒక దారి నేరుగా ఒక కన్వర్టరునకు పోవును. రెండవది మరియొక పది వంతులు దించబడి రెండవ కన్వర్టరునకు పోవును. పిడుగు సమయమున బఫరు వద్ద 7.5 వోల్టులుండును, మొదటి దారిలో డయోడులు కావలియుండి అధికమును ప్రక్కకు మళ్ళించును. రెండవ దారిలో 0.75 వోల్టు నెమ్మదిగ నమోదగును. కావలివాడు కూడ అమాయకుడు కాడు: డయోడుకు స్వంత కెపాసిటెన్సు కలదు, అది వోల్టేజితో మారును, పెద్దదైనచో రూపమును వంచును. కనుక దానిని బఫరు తరువాతనే, చిన్న నిరోధకము వెనుకనే నిలుపవలెను. 75 కిలోవోల్టులకు మించిన కెరటము వచ్చినచో విభాజకమును కాపాడుటకు స్తంభపు పాదమున వాయు ఉత్సర్గ నాళికను ఉంచుదురు.

భూమియు పైకి లేచును

మనము భూమిని సున్న వోల్టు అనుకొందుము. సబ్‌స్టేషను భూమి కట్టడమునకు 1 ఓము నిరోధమున్నదనుకొని, లోపము వలన 1000 ఆంపియర్లు దానిలోనికి దిగినచో, ఓం నియమము ప్రకారము ఆ చోటి భూమియే 1000 వోల్టులకు లేచును. దూరమునుండి వచ్చిన రాగి తీగె చివర కూర్చున్న కంప్యూటరు, దానిని తాకినవాడు, ఇద్దరును అపాయములో పడుదురు. అందువలన అంకెలను గాజు నారల గుండా వెలుగుగా పంపుదురు. గాజు విద్యుత్తును పోనీయదు. అంకెగా మారిన తరువాత వోల్టేజికి దూరముతో పనిలేదు. కనుకనే కన్వర్టరును స్తంభము దాపుననే ఉంచి, వెలుగును మాత్రము గదిలోనికి తెచ్చుకొనుట యుక్తము.

ఇంత శ్రమ ఎవరికొరకు?

పెద్ద లైనులలో దీని ప్రయోజనము మరింత స్పష్టము. లోపము పుట్టినచోటనుండి కెరటము రెండు దిక్కులకు, మైక్రోసెకండునకు సుమారు 300 మీటర్లు చొప్పున పరుగెత్తును. 60 కిలోమీటర్ల లైనునకు రెండు కొసల కచ్చితమైన గడియారములున్నచో, కెరటము ఒక కొసకు 40 మైక్రోసెకండులు ముందు చేరినదని తెలిసినంతనే, లోపము నడిమధ్యనుండి ఆ వైపునకు 6 కిలోమీటర్ల దూరమున ఉన్నదని చెప్పవచ్చును. ఒక కొసనున్న విభాజకము సరిగా కుదరక కెరటపు ముఖమును 10 మైక్రోసెకండులు వెనుకకు చూపినచో, లెక్క 1.5 కిలోమీటరు తప్పును. కాగితముమీద ఇది చిన్న దోషము. వానలో, మోకాలి లోతు నల్లరేగడిలో, చేత టార్చి పట్టుకొని స్తంభమునుండి స్తంభమునకు నడచు లైన్‌మన్‌కు అది ఒక రాత్రి.

నా విద్యార్థికి నేను చెప్పినదియు ఇదే. వాని మోటారు పిడుగువలన కాలినదో, మరొక కారణముననో నేను చెప్పజాలను. ఆ రాత్రి తీగెమీద వేగముగ చూచు కన్ను లేదు. ఉన్నచో రైతుకు, కార్యాలయమునకు మధ్య వాదము ఉండదు; అంకెలే చెప్పును. అయితే ఆ కన్ను ముందు నిలుపు స్తంభము పెద్ద వోల్టేజికి, చిన్నదానికి, వేగమైనదానికి, నిదానమైనదానికి ఒకే నిష్పత్తిని పాటింపవలెను. కోటి మచ్చుల వేగము కొనితెచ్చుకొనవచ్చును. మచ్చు యొక్క నిజాయితీని మాత్రము మనమే కట్టుకొనవలెను.